బోరు నీళ్ల ఊళ్లో ఇల్లు తుడవడానికి ఏది కొనాలి: ఒంగోలు నుంచి ఒక రివ్యూ

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. గచ్చు మెరవాలంటే రంగురంగుల ఫ్లోర్ క్లీనర్ల మీద డబ్బు తగలేయకండి. మంచి మాప్ మీద కొంత పెట్టండి. ఆ రెండిటికన్నా ముందు, బకెట్లో ఏ నీళ్లు పోస్తున్నారో చూసుకోండి. మా ఒంగోల్లో ఏ ఇంటికెళ్లినా వినపడే మాట ఒకటుంది: "ఎంత తుడిచినా మసకమసగ్గానే ఉంటోందండీ" అని. దానికి తొంభై పాళ్లు కారణం బోరు నీళ్లే. ఇల్లు కట్టుకున్న దగ్గర్నుంచి నేను కొన్న మాప్‌లు, సీసాలు, పౌడర్లు అన్నిటి మీదా కలిపి రాస్తున్న రివ్యూ ఇది. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒక రకం వస్తువుకి ఉండే లోపం ఏ కంపెనీదానికైనా కాస్త అటూఇటూగా ఉండేదే.

మా ఇల్లు కర్నూలు రోడ్డు నుంచి లోపలికి ఒక సందులో. హాలుకి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ వేయాల్సిందేనని మా ఆయన పట్టుబట్టారు. పక్కనే దొరికే రాయిని ఎక్కడెక్కడి దేశాలవాళ్లో తెప్పించుకుంటుంటే మనింట్లో లేకపోతే ఏం బాగుంటుంది అని ఆయన వాదన. సరేనన్నాను, తుడిచేది ఎలాగూ ఆయన కాదు కాబట్టి ఆయనకి ధైర్యం. పడగ్గదులకి లేత క్రీమ్ రంగు విట్రిఫైడ్ టైల్స్. దేవుడి గదిలో తెల్ల పాలరాయి. వంటింటి వెనక వసారాలో, పెరట్లో నాపరాళ్లు. అంటే ఒకే కప్పు కింద నాలుగు రకాల గచ్చు. షాపులో ఏ సీసా తీసి చూసినా "అన్ని రకాల ఫ్లోర్లకీ" అని రాసి ఉంటుంది. ఆ మాట దగ్గరే నాకు పేచీ.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏటా పదో తరగతి పిల్లలకి ఆమ్లాలు, క్షారాలు పాఠం వచ్చినప్పుడు రెండు రాతి ముక్కలు పట్టుకెళ్తాను. ఒకటి నాపరాయి, ఒకటి చీమకుర్తి రాయి. ల్యాబ్‌లోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పలచన చేసి రెండిటి మీదా చెరో చుక్క వేస్తే, నాపరాయి మీద చుక్క బుసబుసా పొంగుతుంది, చీమకుర్తి రాయి మీద మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. నాపరాయి సున్నపురాయి కోవది, పాలరాయిదీ అదే వంశం, రెండూ కాల్షియం కార్బొనేటే. చీమకుర్తి రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం వాళ్ల లెక్కలో అది గాబ్రో అనే వేరే రకం రాయి. నల్లటి నేపథ్యంలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. విట్రిఫైడ్ టైలు సంగతి వేరు. బాగా పెద్ద వేడిలో కాల్చడం వల్ల గాజులా గట్టిపడి, దాని బరువులో 0.5 శాతం నీళ్లు కూడా పీల్చదు. అందుకే దాని మీద మురికి లోపలికి ఇంకదు, పైనే ఒక పొరలా కూర్చుంటుంది. ఇంత తేడా ఉన్న నాలుగిటినీ ఒకే సీసాతో తుడవమనడం ఏం న్యాయం?

వీధిలో మైకు పెట్టుకుని "ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్" అని అరుచుకుంటూ వచ్చే బండి మీకూ తెలిసే ఉంటుంది. ఆ యాసిడ్ డబ్బా మా గేటు దాటి లోపలికి రాదు. కొత్త ఇళ్లలో టైల్స్ మీద సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీలు అదే వాడతారు. మరక పోతుంది, దాంతోపాటు టైల్స్ సందుల్లో పూసిన సిమెంటూ కొరుక్కుపోతుంది. పాలరాయి మీద పడిందా, ఆ మెరుపు మళ్లీ పాలిష్ మెషీన్ పెడితే తప్ప రాదు. బాత్రూముల కోసం అమ్మే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ ఆ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, కాబట్టి "గట్టిగా పనిచేస్తుంది కదా" అని దాన్ని తెచ్చి దేవుడి గదిలో వాడకండి. నిమ్మకాయ కూడా అంతే. ఇంకో మాట, దీని దగ్గర మాత్రం నేను టీచర్‌లానే మాట్లాడతాను: బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పోయొద్దు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపులు మూసిన బాత్రూంలో అది ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది.

ఇక నీళ్ల సంగతి. ఈ రివ్యూలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా రాస్తాను.

తాగే నీటికి మన దేశంలో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500 అని ఒకటుంది, 2012లో సవరించింది. దాని ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల పాళ్లు, లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే మంచిది, వేరే గతి లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. మా బోరు నీళ్లు ఆ రెండో అంకెని కూడా దాటాయి. బకెట్లకి గార, కుళాయి మూతికి గార, గీజరు కాయిల్‌కి గార. అవే నీళ్లతో నేల తుడిస్తే నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పూ సున్నమూ మాత్రం ఎక్కడికీ పోవు. రోజూ ఒక పల్చటి పొర. క్రీమ్ టైల్ మీద అది కళ్లకి కనబడదు, కాలికి గరుగ్గా తగులుతుంది. నల్లరాయి మీదైతే దాచుకోవడానికి వీల్లేదు, పొద్దున కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడిందంటే చాలు, తుడిచిన గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

నమ్మకం లేకపోతే మీ ఇంట్లోనే చూసుకోండి. మా హాల్లో ఒక మూల, ఎవరూ తొక్కని చోట, నాలుగు రకాల నీళ్లు ఒక్కో చెంచా చొప్పున పోసి ఫ్యాన్ కింద ఆరనిచ్చాను. మొదటిది బోరు నీళ్లు. రెండోది మున్సిపల్ కుళాయి, అంటే నాగార్జునసాగర్ కాలువ నుంచి వచ్చే నీళ్లు. మూడోది వంటింట్లో ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు. నాలుగోది ఏసీ పైపు నుంచి బకెట్లోకి కారిన నీళ్లు. సాయంత్రానికి బోరు చెంచా ఉన్నచోట తెల్లటి వలయం, అంచు దట్టంగా, మధ్యలో పొడిపొడిగా. గోరుతో గీకితే గోటికింద పిండిలా వచ్చింది. కుళాయి నీళ్లకీ వలయం ఉంది గానీ వంగి చూస్తేనే కనబడుతుంది. ఏసీ నీళ్లు పోసిన చోటు ఏదో వెతుక్కోవాల్సి వచ్చింది. అన్నిటికన్నా ఘోరం ఆర్వో వేస్టు నీళ్లు. వలయం కాదది, బిళ్ల.

ఇదేమంత వింత కాదు, ఆలోచిస్తే. ఆర్వో మెషీన్ చేసే పనే నీళ్లలోని లవణాలని ఒక పక్కకి నెట్టడం. మనం తాగే గ్లాసులో తగ్గినవన్నీ ఆ పక్క పైపులో పోగవుతాయి. "ఆర్వో నీళ్లు పారబోయకండి, ఇల్లు తుడవడానికి వాడండి" అని అందరూ చెప్పే సలహా సాగర్ నీళ్లు మెషీన్‌కి పెట్టుకున్న ఇళ్లలో పర్వాలేదు. బోరు నీళ్లు పెట్టుకున్న ఇంట్లో ఆ సలహా పాటిస్తే, నేలకి రోజూ పల్చగా సున్నం కొడుతున్నట్టే లెక్క. మా ఇంట్లో ఆ నీళ్లు ఇప్పుడు వాకిలి కడగడానికీ, బాత్రూం ఫ్లష్‌కీ పోతున్నాయి. పొదుపూ పోలేదు, గచ్చూ పాడవలేదు.

ఏసీ నీళ్లు మాత్రం బంగారం. గాల్లో తేమ చల్లబడి కారే నీళ్లు కాబట్టి వాటిలో లవణాలు ఉండవు, కాస్త దుమ్ము ఉంటే ఉంటుంది. ఒంగోలు ఉక్కపోత గురించి వేరే చెప్పాలా, రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి పైపు కింద పెట్టిన బకెట్ సగానికి పైనే నిండుతుంది. అది వడగట్టి హాలు వరకు వాడతాను. చలికాలంలో ఏసీ ఉండదు, అప్పుడు కుళాయి నీళ్లు పట్టి పెట్టుకుంటాను. బోరు నీళ్లు తప్ప గతిలేని రోజున తుడిచిన వెంటనే, తడి ఆరకముందే పొడిగుడ్డ వేసి లాగేస్తే ఆ ఉప్పు నేల మీద మిగలదు, గుడ్డలోకి పోతుంది. పని రెట్టింపు, అయినా ఫలితం కళ్లకి కనబడుతుంది.

మా అత్తయ్య అమావాస్యకి తుడిచే నీళ్లలో గుప్పెడు కల్లుప్పు, చిటికెడు పసుపు వేయిస్తారు. దిష్టి పోతుందని. ఆవిడ నమ్మకం ఆవిడది, నేను అడ్డు చెప్పను. ఆ తడి ఆరాక ఏసీ నీళ్లతో ఇంకోసారి పెట్టించేస్తాను, అంతే.

ఇప్పుడు సీసాలు. ఘాటు వాసన వచ్చేదే శుభ్రం చేస్తుందని మనవాళ్లకి ఒక గట్టి నమ్మకం. నల్ల ఫినాయిల్ ఉంది చూశారూ, అది తారు నుంచి తీసిన నూనెల్ని సబ్బుతో కలిపి చేసేది. మంచి నీళ్లలో వేస్తే పాలలా తెల్లగా కలిసిపోతుంది. మా బోరు నీళ్లలో వేస్తే సబ్బు విరిగి, పైన జిడ్డు తెట్టెలా తేలుతుంది. ఆ తెట్టెనే మాప్ తీసుకెళ్లి ఇల్లంతా పూస్తుంది. మురుగు కాలువ పక్కన, పెరటి గట్టు మీద చల్లడానికి పర్వాలేదు గానీ ఇంట్లోకి వద్దు. పిల్లులున్న ఇంట్లో అసలే వద్దు, అందులో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు పిల్లులకి విషం. తెల్ల ఫినాయిల్ వాసన బాగుంటుంది, అంతకుమించి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

రంగు ఫ్లోర్ క్లీనర్లలో ఎక్కువగా ఉండేది బెంజాల్కోనియం క్లోరైడ్ అనే క్రిమిసంహారిణి. మంచిదే. ఇంట్లో ఎవరికైనా వాంతులూ విరేచనాలూ అయినప్పుడు నేనూ వాడతాను. కానీ అది క్రిముల్ని చంపాలంటే నేల మీద కొన్ని నిమిషాలు తడిగా నిలవాలి. మనం ఫుల్ స్పీడులో ఫ్యాన్ వేసి తుడుస్తాం, అది ఎక్కడ నిలుస్తుంది? ఇంకో తమాషా ఏంటంటే చాలా ఇళ్లలో బకెట్లో ఇదీ వేస్తారు, నురగ కోసం గుప్పెడు బట్టల సబ్బు పొడీ వేస్తారు. రెండిటి అయాన్లూ వ్యతిరేకం, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. మురికీ సరిగ్గా పోదు, క్రిములూ చావవు, మిగిలేది జిగట. తుడిచాక చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలు అంటుకుని చప్పుడవుతోందా? అది శుభ్రం కాదు, లిక్విడ్ ఎక్కువైంది.

సీసా మీద ఏం రాసినా సరే, దాని గుణం తెలుసుకోవడానికి ఇంట్లోనే పరీక్ష ఉంది. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు రాసి ఆరబెట్టండి, దాని మీద ఆ లిక్విడ్ ఒక చుక్క. ఎర్రబడితే క్షారం. ఎర్ర మందార రేకులు వేడినీళ్లలో నానేసి ఆ రసంలో ఇంకో చుక్క. గులాబీ రంగు ముదిరితే ఆమ్లం, ఆకుపచ్చగా మారితే క్షారం. ఆమ్లమని తేలినదాన్ని పాలరాయికీ నాపరాళ్లకీ దూరంగా పెట్టండి. నేను ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఇలా వరసగా పెట్టి చూస్తుంటే మా ఆయన "స్కూలు చాలదా" అని ఒక చూపు చూసి వెళ్లిపోయారు.

రోజువారీకి నేను స్థిరపడింది ఏమిటంటే, గిన్నెలు తోమే లిక్విడ్. అర బకెట్ నీళ్లకి అర టీస్పూను, అంతకన్నా చుక్క ఎక్కువ వద్దు. అటు ఆమ్లమూ కాదు, ఇటు క్షారమూ కాదు, నాలుగు రకాల గచ్చుకీ హాని చెయ్యదు. వాసన ఉండదని మా పనావిడ మొదట్లో నొచ్చుకుంది. "టీచరమ్మా, తుడిచినట్టే లేదమ్మా, ఎవరన్నా వస్తే ఏమనుకుంటారు" అంది. అప్పటికే మసకబారిపోయిన విట్రిఫైడ్ టైల్స్ ఉంటే వాటికి వేరే చికిత్స: అర బకెట్ నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి ఒకసారి తుడిచి, వెంటనే మంచి నీళ్లతో ఇంకోసారి. ఎప్పుడో ఒకసారి చాలు, సందుల్లో సిమెంటుకి అదీ మంచిది కాదు. పడగ్గదిలో ఇలా చేశాక టైలు కొన్ననాటి మెరుపు వచ్చింది. పక్కనే దేవుడి గది ఉంది కదా, అక్కడికి ఆ బకెట్ పోకుండా గడప దగ్గర నేనే కాపలా నిలబడ్డాను.

సామాన్ల విషయానికొస్తే, ముందు చీపురు. దీన్ని ఎవరూ రివ్యూ చెయ్యరు, అసలు సగం పని దీనిదే. మా రోడ్డు మీద గ్రానైటు లారీలు తిరుగుతూనే ఉంటాయి, ఎండాకాలం వడగాలికి ఆ ఇసక దుమ్మంతా కిటికీల్లోంచి ఇంట్లోకే. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద ఇసకలో ఉండే క్వార్ట్జ్ 7. నాపరాయి, పాలరాయి 3 దగ్గరుంటాయి. ఊడ్చకుండా మాప్ పెట్టారంటే గరుకు కాగితంతో రుద్దుతున్నట్టే. మెత్త చీపురుతో ఒకసారి ఊడ్చి, గుమ్మం దగ్గర మందపాటి పట్టా వేస్తే పాలిష్ ఎన్నేళ్లైనా నిలుస్తుంది. పట్టా బయట ఒకటి, లోపల ఒకటి.

స్పిన్ మాప్ నేను ₹1,400 పెట్టి కొన్నాను. బకెట్లో జల్లెడ బుట్ట ఉంటుంది, కర్ర నొక్కితే గిర్రున తిరిగి నీళ్లు పిండేస్తుంది. చెయ్యి తడవదు, నడుము వంగదు, నేల రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది, తడి నేల అంటేనే మాకు టెన్షన్, ఆ ఒక్క కారణానికే దానికి వందకి వంద మార్కులు వెయ్యొచ్చు. లోపం ఏంటంటే పిండిన మురికి నీళ్లు తిరిగి అదే బకెట్లో పడతాయి. మూడో గదికి వచ్చేసరికి మొదటి గది మట్టిని మూడో గదికి పూస్తుంటాం. గదికోసారి నీళ్లు మార్చాలి, ఎవరు మారుస్తారు? పైగా కర్ర మధ్యలో ఉండే ప్లాస్టిక్ లాక్ అరిగిపోయి, నొక్కినప్పుడల్లా జారడం మొదలైంది. ఆ ముక్క విడిగా దొరుకుతుందా అని కొన్నచోట అడిగితే, కొత్త సెట్టు తీసుకోండి మేడం అన్నారు. తల భాగానికి మాత్రం విడిగా రీఫిల్లు దొరుకుతాయి, కొనేముందు అవి ట్రంకు రోడ్డు షాపుల్లో ఉన్నాయో లేవో చూసుకోండి.

దాని తర్వాత తెచ్చిన ఫ్లాట్ మాప్ నాకు ఎక్కువ నచ్చింది. బల్లపరుపుగా ఉండే పలకకి మైక్రోఫైబర్ గుడ్డ తొడుగుతారు. బకెట్‌కి రెండు అరలు, ఒక దాంట్లో మంచి నీళ్లు, ఇంకో దాంట్లో గుడ్డని నిలువుగా దూర్చి లాగితే మురికి అక్కడే దిగిపోతుంది. మొదటిసారి వాడినప్పుడు హాలు ఒక్కటి తుడిచేసరికే ఆ రెండో అరలో నీళ్లు టీ డికాక్షన్ రంగుకి వచ్చాయి, మొదటి అర మాత్రం తేటగానే ఉంది. ఇన్నాళ్లూ ఆ డికాక్షన్ అంతా ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది. మంచాల కిందికి, బీరువా కిందికి పలక సాఫీగా పోతుంది. గోడ మూలల్లో మాత్రం గుండ్రటి స్పిన్ మాప్ నయం. గుడ్డని బ్లీచింగులో నానబెట్టకూడదు, గుడ్డలోని నైలాన్ జాతి దారాల్ని అది తినేస్తుంది. బట్టలు మెత్తబడ్డానికి వాడే కండిషనర్ లాంటివీ వద్దు, గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది. మామూలుగా ఉతికి ఎండలో వేయడమే.

మా పనావిడ తీర్పు వేరు. "ఆ పలకా వద్దు, గిరగిర తిరిగేదీ వద్దు, నా గుడ్డ నాకిచ్చెయ్యమ్మా" అంటుంది. పాత లుంగీ గుడ్డతో, వెనక్కి జరుగుతూ, కూర్చుని తుడిస్తే వచ్చే శుభ్రం ఏ యంత్రానికీ రాదని మా అత్తయ్య ఆవిడకి వంత. "ఒంగితేనే మూలలు కనబడతాయి అమ్మాయ్" అంటారు. నిజమే, చేత్తో తుడిచిన చోటు నేనూ చూశాను, తేడా తెలుస్తుంది. కానీ ఆ మోకాళ్లు ఎవరివి? మా ఇంట్లో చివరికి కుదిరిన ఒప్పందం: రోజూ ఫ్లాట్ మాప్, పండగలకి ముందు మాత్రం మూలలు చేత్తో. ఆ పూటకి డబ్బులు వేరే. మీరు ఏ మాప్ కొన్నా, కొనేటప్పుడు దాన్ని రోజూ పట్టుకునే మనిషిని వెంట తీసుకెళ్లండి. కర్ర పొడవు ఆవిడ ఎత్తుకి సరిపోవాలి, మనకి కాదు.

ఇల్లు ఊడ్చి తుడిచే రోబో గురించి అడుగుతారని తెలుసు. హైదరాబాద్ నుంచి మా అమ్మాయి పంపింది. మంచం కింద దుమ్ము బాగా లాగింది, దానికి వంక పెట్టను. తడి పెట్టడానికి మాత్రం మన ఇళ్లు దానికి సరిపడవు. మా గడపలు ఒక్కొక్కటీ రెండంగుళాల ఎత్తు, అది ఎక్కలేక ప్రతి గది దగ్గరా ఆగి పిలుస్తుంది, ఎత్తి పక్క గదిలో దింపాలి. దాని చిన్న ట్యాంకులో బోరు నీళ్లు పోస్తే నల్లరాయి మీద అది తిరిగిన దారంతా తెల్ల చారల్లో కనబడింది. ఆవిరి మాప్‌లు నేను కొనలేదు, కొనను కూడా. ఈ నీళ్లకి గీజర్లే నిలవడం లేదు, దాని సన్నటి గొట్టం ఎన్నాళ్లు నిలుస్తుంది?

మరకల్లో నన్ను బాగా సతాయించింది పసుపు. గడపకి రాసిన పసుపు తడికాళ్లతో క్రీమ్ టైల్ మీదికి వస్తుంది. సబ్బు పొడి వేసి రుద్దారంటే ఎర్రగా తిరుగుతుంది, కంగారు పడొద్దు, అది క్షారానికి పసుపు చేసే పనే. గిన్నెల లిక్విడ్ చుక్క వేసి తుడిచి, మిగిలిన ఛాయని ఎండకి వదిలెయ్యండి. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకి నిలవదు. మా గుమ్మం తూర్పు ముఖం, రెండు మూడు పొద్దుల్లో అదే పోతుంది. దీపారాధన నూనె పాలరాయి మీద ఒలికితే వెంటనే గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. అద్దాక ముఖానికి రాసే పౌడరో శనగపిండో మందంగా చల్లి రాత్రంతా వదిలేస్తే చాలావరకు పీల్చుకుంటుంది. పాతబడిన మరకకి ఇదే పని నాలుగైదు రాత్రులు.

నాపరాళ్లకి కొబ్బరినూనె రాస్తే నల్లగా నిగనిగలాడతాయని మా వైపు అందరూ రాస్తారు. వంటింటి గట్టుకి, అరలకి నేనూ రాయిస్తాను, చూడ్డానికి కొత్త రాయిలా ఉంటుంది. నడిచే చోట మాత్రం వద్దు. నూనెకి దుమ్ము పట్టుకుంటుంది, వానపడితే జారుతుంది. పెరట్లో ఆ రాళ్లకి ఈనెల చీపురు, కుళాయి నీళ్లు, చివర్లో వైపర్‌తో నీళ్లు లాగెయ్యడం, ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు. వైపర్ కొనేటప్పుడు రబ్బరు రెండు పొరలున్నది చూసుకోండి, ₹50 ఎక్కువైనా.